పండిన చెయ్యి

నేను గాజులు తొడిగే మనిషిని. నిజానికి తొడిగేదాన్ని అనాలి, ఇప్పుడు అమ్మడం వరకే. ఆ మాటకీ ఈ మాటకీ మధ్య ఒక జబ్బు ఉంది. దాని పేరు మా పేటలో ఎవరూ పైకి అనరు. పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసుకుని. నేను మాత్రం కుష్టు అనే రాస్తాను. పేరు దాచుకున్నందువల్ల నాకు పోయిందే గాని కలిసొచ్చిందేమీ లేదు.

డాక్టరు మందు ఆపించి ఏడాది దాటింది. ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం వచ్చు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో పెన్నుకి గుడ్డపేలిక చుట్టుకుని, వేళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా రాస్తున్నాను. చూపు తిప్పితే పెన్ను జారి పడిపోయినా నాకు తెలియదు. ఎక్కడన్నా అక్షరం వంకర పోతే అది నా చదువు తప్పు కాదు, మా పంతులమ్మ నన్ను బాగానే కొట్టింది. ఇదంతా ఎందుకంటే, రాస్తే మనసు కాస్త కుదుటపడుతోంది. ఇంకోటి, నాలాంటి చెయ్యి ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఆమె నాకంటే ముందుగా మేలుకోవాలి.

మాది నరసరావుపేట. నేను పుట్టింది గురజాల. సాయిబులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అత్త ఖాశింబీ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ గాజుల మనిషి. తాళ్ళకి గుచ్చిన గాజుల మలారం భుజాన వేలాడేసుకుని ఆమె ఊళ్ళోకి అడుగుపెడితే ఆడవాళ్ళ చేతుల్లో పనులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. నా మొగుడు సైదా మోటారు వైండింగు షెడ్డులో పనిచేస్తాడు. పొలాల్లో మోటార్లు కాలిపోతే వాటికి మళ్ళీ రాగితీగ చుట్టే పని. నేను కాపరానికి వచ్చిన మర్నాడే అత్త నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి, పనికొస్తావులే అంది. పెళ్ళిచూపులప్పుడు కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

గాజు తొడగడం చూసేవాళ్ళకి తేలిక. ఎదుటి మనిషి చెయ్యి మన చేతిలోకి తీసుకోవాలి. బొటనవేలి మొదట్లో ఉన్న ఎముకని మెల్లగా అరచేతిలోకి నొక్కి, నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, చెయ్యంతా సన్నగా చేసి గాజు జార్చాలి. ఎముక ఎక్కడ అడ్డం పడుతోందో, చర్మం ఎక్కడ నలుగుతోందో మన వేళ్ళకి ముందే తెలియాలి. తెలియగానే ఆగి, కాస్త తిప్పి, మళ్ళీ తొయ్యాలి. చెయ్యి పట్టుకోగానే రెండు ఆరా, రెండు ఎనిమిదా అన్నది చెప్పెయ్యాలి. కొలత గాజు పెట్టి చూసేవాళ్ళని మా అత్త పనివాళ్ళ కింద లెక్కేసేది కాదు. ఇక మాటలు సరేసరి. పిల్ల భయపడుతుంటే వాళ్ళ మేనమామ మీసాల గురించి ఏదో ఒకటి అని నవ్వించాలి, ఆ నవ్వులో గాజు దిగిపోవాలి.

మా పల్లెల్లో ఎవరి గ్లాసు వాళ్ళది, ఎవరి అరుగు వాళ్ళది. కానీ గాజుల దగ్గర అదేమీ ఉండదు. ఎంత పెద్దింటి కోడలైనా తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టాల్సిందే. తొడిగించుకున్నాక దణ్ణం పెట్టి లేచేవాళ్ళు. పాతికేళ్ళు కూడా లేని నాకు ముసలమ్మలు దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ చేతులన్నీ నా మీద నమ్మకంతో చాపినవి. నాకు దానికి మించిన గొప్ప ఇంకోటి లేదు, ఉన్నా నాకు అక్కర్లేదు.

కొత్తలో గాజు పెంకులు గుచ్చుకుని వేళ్ళ నిండా గీతలే. సాయంత్రం కూరలో ఉప్పు వెయ్యాలంటే మంట. ఏళ్ళు గడిచే కొద్దీ చర్మం గట్టిపడి, పెంకు గుచ్చుకున్నా తెలియడం తగ్గుతుంది. దాన్ని మా వాళ్ళు చెయ్యి పండడం అంటారు. గాజుల ఇళ్ళల్లో అదొక పట్టా లాంటిది. ఫలానా ఆమె చెయ్యి పండింది అంటే ఇక ఆమెకి పెళ్ళికూతురి చెయ్యి అప్పగించవచ్చు.

నా చెయ్యి ఎనభై మూడులో పండింది. చిటికెనవేలు, దాని పక్క వేలు, అరచేతిలో ఆ వైపు సగం. ఒకరోజు మలారం సర్దుతుంటే చేతి నిండా రక్తం కనిపించింది. నొప్పి లేదు. అత్తకి చూపిస్తే ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు పదేళ్ళు పట్టిందే, నీకు ఇంత తొందరగా పండింది అని వీధంతా చెప్పుకుంది. ఆ వారమే నాకు మొదటి పెళ్ళి బేరం ఇచ్చి పంపింది. మోచేతి దగ్గర తెల్లగా ఒక మచ్చ కూడా వచ్చింది. శోభి అనుకున్నాం. రెండేళ్ళు అట్లా మేమిద్దరం నా జబ్బుని చూసుకుని మురిసిపోయాం. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

ఎనభై అయిదులో మాచర్ల తిరునాళ్ళకి వెళ్ళాం. చీకటి పడుతూనే కొట్టు ముందు పెట్రోమాక్సు దీపం వెలిగించాం. జనం తోసుకుని వస్తున్నారు. దీపం అడ్డంగా ఉంటే నేను దాన్ని గాజుబుడ్డి పట్టుకునే పక్కకి జరిపాను. పక్కన బొమ్మలు అమ్మే ఆమె గట్టిగా అరిచింది. ఏదో కాలిన వాసన నాకూ వచ్చింది. ఎవరి పొయ్యి మీదో ఏదో మాడిందనుకుని చుట్టూ చూశాను. ఆమె నా చెయ్యి లాగి చూపిస్తే గాని అది నా చెయ్యే అని తెలియలేదు. అరచేతి చర్మం ఊడి వేలాడుతోంది. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. అత్త మాత్రం ఆ బొమ్మలామెతో, మా కోడలి చెయ్యి నిప్పుకి కూడా బెదరదు అని చెప్పుకుంటూనే ఉంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది.

పుండు మానలేదు. పసుపు పెట్టాం, ఆకు పసరు పోశాం, దర్గాలో తాయెత్తు కట్టించాం. ఆ ఏడు రంజాన్ ఎండల్లో వచ్చింది, ఒక్క పొద్దులన్నీ ఆ పుండుతోనే గడిపాను. వానలు పడ్డాక సైదా నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాడు. అత్త రిక్షాలో వెనకాల వచ్చింది. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఆ గది నిండా జ్వరాల పిల్లలు, దగ్గే ముసలాళ్ళు. వాళ్ళందర్నీ చూసి నా జబ్బు చిన్నదేనని ధైర్యం చెప్పుకున్నాను.

డాక్టరు గారు పుండు చూశాడు. మచ్చ చూశాడు. తర్వాత కళ్ళు మూసుకోమ్మా, దూదితో తాకుతాను, తాకినప్పుడల్లా చెప్పు అన్నాడు. మూసుకున్నాను. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆయన ఇంకో రోగితో ఏమన్నా మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నాను.

"అయిపోయిందమ్మా, కళ్ళు తెరువు," అన్నాడు.

అత్త గబగబా అందుకుని, మా పనిలో అంతేనండీ, దానికి చెయ్యి పండింది అని చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, కసురుకోకుండా, నెమ్మదిగా విషయం చెప్పాడు. కొత్తగా మంచి మందులు వచ్చాయి, పూర్తిగా తగ్గుతుంది, మందు పడ్డాక ఇంకొకరికి అంటదు, బెంగ పెట్టుకోవద్దు అన్నాడు. అవన్నీ నేను తర్వాత గుర్తు చేసుకున్న మాటలు. ఆ పూట విన్నది మాత్రం జబ్బు పేరొక్కటే. అత్త లేచి నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షా ఎక్కకుండా నడిచింది, నాకంటే బాగా ముందు నడిచింది. ఇంటికి వచ్చి స్నానం చేసింది.

మర్నాటి నుంచి నాకు ఒక కంచం, ఒక గ్లాసు వేరుగా పెట్టారు. పడక వసారాలోకి మారింది. మా అమ్మాయి నూర్జాకి అప్పుడు అయిదేళ్ళు. దాన్ని గురజాలలో మా అమ్మ దగ్గరికి పంపేశారు. బస్సు ఎక్కేటప్పుడు అది నా వైపు చేతులు చాపింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నన్నెవరూ కట్టుకోమనలేదు. దానికి అంటుతుందేమోనని నాకే భయం.

సైదా ఏమీ అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది, పోట్లాడుకునేవాళ్ళం. షెడ్డులో మోటార్లు ఎక్కువ వచ్చాయని అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. అది వానాకాలం. పొలాలకి నీళ్ళు పెట్టే పనే లేదు, ఇక మోటార్లు కాలేదెక్కడ.

అత్త ఊళ్ళో అందరికీ నేను పుట్టింట్లో ఉన్నానని చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు పట్టిన మనిషి, మళ్ళీ మలారం భుజాన వేసుకుని పల్లెలు తిరిగింది. పక్కింటి కోటేశ్వరమ్మ పిన్ని వస్తే నేను లోపలి గదిలో ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. పిన్ని గోడ మీద నుంచి కూర గిన్నె అందిస్తూ, మస్తాన్‌బీ ఎట్టా ఉంది, ఎప్పుడొచ్చుద్ది అని అడిగేది. అడిగే గొంతులోనే తెలిసిపోయేది, ఆమెకి అంతా తెలుసునని. డాక్టరు కంచాలు వేరు అక్కర్లేదన్నాడు గదా అత్తా అని నేనొకసారి అడిగాను.

"డాక్టరుకేందే, ఆయన పెళ్ళిళ్ళకి పోయి ఆడపిల్లల చేతులు పట్టుకోడు గదా," అంది.

ఆమెకి నా మీద కోపం కాదని నాకు తెలుసు. భయం. కానీ భయపడేవాళ్ళు కూడా కంచం దూరంగా నెట్టేటప్పుడు చప్పుడు అవుతుంది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు.

ఎనభై ఆరు మొదట్లో కొత్త మందు మొదలుపెట్టారు. నెలకోసారి బస్టాండు అవతల ఒక రేకుల షెడ్డులో సర్కారు వాళ్ళు ఇచ్చేవాళ్ళు. వాళ్ళ ముందే కొన్ని బిళ్ళలు మింగాలి, మిగతావి ఇంటికి తెచ్చుకోవాలి. మింగిన రోజు ఒంటేలు ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు, అయినా చూసి హడలిపోయాను. కొన్ని నెలలకి నా ఒంటి రంగు మారింది. తోమని రాగిచెంబులా నల్లగా, ఎర్రగా అయ్యాను. అద్దంలో నన్ను నేనే పలకరించుకోలేదు. మందు తగ్గిస్తోందని వాళ్ళన్నారు గాని, చూసేవాళ్ళకి జబ్బు అప్పుడే ముఖం మీదికి వచ్చినట్టు ఉంది.

ఈ జబ్బు ఎవరికుందోనని ఇంటింటికీ తిరిగి చూసే సర్కారు సారు ఒకాయన ఉండేవాడు. ఆయన సైకిలు ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటి సంగతి వీధంతటికీ తెలిసినట్టే. మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన సైకిలు టీ కొట్టు దగ్గర వదిలేసి, ఎవరినో అడ్రసు అడిగేవాడిలా నడుచుకుంటూ వచ్చేవాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన తల్లి కడుపు చల్లగా ఉండాలి.

ఆ రేకుల షెడ్డులో ఒకే బెంచీ. మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చునేవాళ్ళం. జబ్బు ఉన్నవాళ్ళమే, మాలో మాకు కూడా అంత ఎడం. తల మీదుగా తువ్వాలు కప్పుకుని ఒక పెద్దమనిషి వచ్చేవాడు. ఆయన పేరు రాయను, ఊరు కూడా రాయను. వాళ్ళ ఊళ్ళో ఎలక్షన్లు వస్తే ఆయన మాటకి ఎదురు లేదు. వాళ్ళ అమ్మాయి పెళ్ళికి గాజులు తొడిగింది నేనే. మొదటి నెల తువ్వాలు సందులోంచి ఆయన నన్ను చూశాడు, కొంగు సందులోంచి నేను ఆయన్ని చూశాను. అంతే. తర్వాత నెలనెలా ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకర్నొకరు గుర్తుపట్టకుండా మందు మింగి వెళ్ళిపోయేవాళ్ళం. అంత మర్యాదగా నన్నెవరూ పట్టించుకోకుండా ఉన్నది లేదు.

ఒక నెల నాకు బిళ్ళ గొంతుకి అడ్డం పడి దగ్గు ఆగలేదు. ఆయన బెంచీ మీద నా వైపుకి జరిగి తన గ్లాసు ఇచ్చాడు. తన గ్లాసే. నేను తాగి అక్కడ పెట్టాక, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"తగ్గుద్దిలే గాజులమ్మాయ్. మా అమ్మాయి కనపడితే మాత్రం చెప్పబాకు."

చెప్పనండి అన్నాను. ఆయన కూతురి చెయ్యి రెండు ఆరు, బొటనవేలి ఎముక కాస్త మొండి. అది గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. మళ్ళీ ఎవరన్నా చెయ్యి చాపుతారా, చాపితే పట్టుకోగలనా అన్నదొక్కటే నాకు ఆ రోజుల్లో పట్టుకున్న బాధ. చావు గురించి కూడా అంత ఆలోచించలేదు.

ఎనభై ఏడు అన్నిటికంటే చెడ్డ ఏడాది. మందు పనిచేస్తోందనుకుంటుండగా ఒళ్ళంతా జ్వరం, మోచేతుల దగ్గర నరాలు తాళ్ళలా ఉబ్బి ఒకటే పోటు. ఇన్నేళ్ళు నొప్పి తెలియని చేతికి ఒక్కసారిగా అంతా తెలిసొచ్చింది. ఇలా కొందరికి అవుతుందట, మందు ఆపకూడదట. గుంటూరు తీసుకుపోయి వేరే బిళ్ళలు ఇప్పించారు, చేతికి చెక్క కట్టారు. నొప్పి తగ్గి కట్టు విప్పేసరికి కుడిచేతి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఎడమచేతికి కూడా స్పర్శ సగం పోయింది.

అప్పుడు గుంటూరు డాక్టరమ్మ గారు చెప్పిన మాట నాకు మందు కంటే ఎక్కువ పనిచేసింది. మందు జబ్బుని చంపుతుందమ్మా, చచ్చిన నరాన్ని బతికించదు, ఇక నుంచి నీ చేతులకి నీ కళ్ళే కాపలా కాయాలి అంది. ఎన్నాళ్ళండీ అని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. ఎన్నాళ్ళేంటమ్మా, ఎప్పటికీ అంది.

ఎప్పటికీ అన్న మాట వినడానికి ఒక్క క్షణం చాలు, అలవాటు చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. గిన్నె దించేముందు చూడాలి. తలుపు గడియ పెట్టేటప్పుడు వేలు ఎక్కడుందో చూడాలి. చెప్పుల్లో రాయి ఉందేమో దులిపి చూడాలి. రోజూ చేతులు, కాళ్ళు నీళ్ళల్లో నానబెట్టి, నూనె రాసి, ముడుచుకున్న వేళ్ళని తొడ మీద పెట్టి సాగదీయాలి. ఆ తర్వాత వెలుగులో కూర్చుని ఒక్కో వేలూ వెతకాలి, తెలియకుండా ఎక్కడ తెగిందో, ఎక్కడ కాలిందోనని. నాలుగు రోజులు చేసేదాన్ని, అయిదోరోజు ఎవరికోసంలే అని మానేసేదాన్ని. మానేసిన రోజే ఏదో ఒకటి కాలేది.

అట్లాంటి ఒకరోజు సైదా భోజనానికి వచ్చాడు. నేను అట్లపెనం వట్టిచేత్తో దించి, ఆయనకి అట్టు వేస్తున్నాను. ఆయన పెనం వంక చూశాడు, నా చెయ్యి వంక చూశాడు. తినకుండా లేచిపోయాడు. చీదరించుకున్నాడనుకున్నాను. సాయంత్రం షెడ్డు నుంచి ఒక చుట్ట తెచ్చాడు. మోటారు తీగల మీద చుట్టే తెల్లటి నూలు టేపు. వంటింట్లో కూర్చుని పెనం పిడికి, గిన్నె చెవులకి, అట్లకాడకి, ఆఖరికి పొయ్యిగొట్టానికి కూడా వరసగా టేపు చుట్టాడు. మోటారుకి ఎంత ఒద్దికగా చుట్టేవాడో అంత ఒద్దికగా.

"చుట్టేశా. ఇంక కాలదు," అన్నాడు.

ఆ రోజు నుంచి షెడ్డులో పడుకోలేదు. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాడని కిందికి చూస్తే గాని నాకు తెలియలేదు. ఎంతసేపటి నుంచి పట్టుకుని ఉన్నాడో ఏమో.

నూర్జాని ఆ ఏడు చివర తీసుకొచ్చాం. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అది మా అమ్మని అమ్మా అని పిలుస్తోంది, నన్నేమని పిలవాలో దానికి తెలియలేదు. ఎవరినో కొత్తమనిషిని చూసినట్టు నా నల్లబడిన ముఖం చూసింది. నేను లోపలికి వెళ్ళి ఏడ్చి వచ్చాను. మనసు రాబట్టుకోవడానికి నెలలు పట్టింది. చివరికి మమ్మల్ని కలిపింది ఆ పుండ్ల వెతుకులాటే. ఒకరోజు అది వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, ఇదిగో ఇక్కడ ఎర్రగా ఉంది అని చూపించింది. ఇప్పుడు రోజూ అదే చూస్తుంది. నేను బద్ధకిస్తే పంతులమ్మలా కసురుతుంది. నా అలవాటు నిలబడింది దాని వల్లే, నా గట్టితనం ఏమీ లేదు.

ఎనభై ఎనిమిది ఎండల్లో మందు ఆపేశారు. నీకు జబ్బు లేదు, పో అన్నారు. ఆ రోజు అత్త నా వేరు కంచం తీసి మిగతా కంచాల్లో కలిపేసింది. దగ్గరగా కూర్చుని తిన్నాం.

ఇక పని. నేను మలారం తీసుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళు వచ్చారు, పలకరించారు, గాజులు చూశారు, చెయ్యి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఒకామె చెయ్యి తడిగా ఉందంది. ఒకామెకి అమావాస్య అడ్డం వచ్చింది, అప్పటికి పున్నమి వెళ్ళి రెండ్రోజులే అయింది. కోటేశ్వరమ్మ పిన్ని వాళ్ళ అత్తగారిని అడిగి చెబుతానంది, ఆ అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. నవ్వుకున్నాను. నవ్వుకుని ఇంట్లోకి వెళ్ళి మలారం మేకుకి తగిలించి కూలబడ్డాను. జబ్బు పోయిందని కాగితం మీద రాసిచ్చేవాళ్ళు ఉన్నారు గాని, వీధిలో ఒక్క చెయ్యి ఇప్పించేవాళ్ళు లేరు.

ఇది చదివేవాళ్ళల్లో ఎవరికన్నా చేతికో కాలికో తిమ్మిరి పట్టి వదలకపోతే, మచ్చ మీద గిచ్చితే తెలియకపోతే, సిగ్గుపడకుండా ముందే చూపించుకోండి. నేను రెండేళ్ళు ముందు వెళ్ళి ఉంటే నా వేళ్ళు నాకు ఉండేవి. ఇప్పుడు మా ఇంటి ముందు గదిలోనే చిన్న కొట్టు పెట్టుకున్నాం. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు. బతకడానికి లోటు లేదు. గాజులు కొనుక్కున్నవాళ్ళు వాళ్ళే తొడుక్కుంటారు, లేదా అత్త తొడుగుతుంది. నేను తొడగను. జనం చెయ్యి ఇవ్వక మానేశాననుకుంటారు అందరూ. అది నిజం కాదు. అది ఎట్లా జరిగిందో రాసి ఆపేస్తాను.

ఆ ఏడు బక్రీదు ముందు. వీధిలో ఆడవాళ్ళు అరుగు చుట్టూ మూగారు, అత్త తొడుగుతోంది. నేను వెనక కూర్చుని డజన్లు కడుతున్నాను. ఉన్నట్టుండి అత్త తన చేతి గాజులు తీసి పక్కన పెట్టింది. నా వైపు తిరిగి కూర్చుని చెయ్యి చాపింది.

"రెండు నాలుగు. ఎర్రవి తియ్యి," అంది. తర్వాత వాళ్ళందరి వైపు చూసి, "మీ కళ్ళ ముందే ఏయించుకుంటన్నా. నాకేమన్నా అయిద్దేమో చూసుకోండి," అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మూడేళ్ళ తర్వాత ఒక చెయ్యి నా చేతిలో ఉంది. బరువు తెలుస్తోంది, అంతే. వెచ్చగా ఉందో లేదో తెలియడం లేదు. కళ్ళతో ఎముక వెతికి, కళ్ళతో నొక్కి, చాలా నెమ్మదిగా మొదటి గాజు జార్చాను. దిగింది. రెండోది దిగింది. అత్త వాళ్ళతో బక్రీదు పొట్టేలు గురించి ఏదో ఎగతాళి చేస్తోంది, వాళ్ళు నవ్వుతున్నారు. అచ్చం పాతరోజుల్లాగే ఉంది. మూడోది కూడా దిగింది. కోటేశ్వరమ్మ పిన్ని తన చెయ్యి కొంగుకి తుడుచుకుని, ముందుకి జరిగి, నా ఎదురుగా చాపింది. నాకూ ఏయి అమ్మాయ్ అని కూడా అంది.

నాలుగో గాజు ఎక్కించడానికి నేను అత్త చెయ్యి కాస్త తిప్పాను. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా రక్తం కారుతోంది. మూడో గాజు ఎప్పుడు చిట్లిందో నాకు తెలియదు. చిట్లిన ముక్కని నేనే వేలితో ఆమె కండలోకి నొక్కి పట్టుకుని ఉన్నాను. ఎంతసేపటి నుంచో తెలియదు. అత్త ముఖం వైపు చూశాను. ఇంకా పొట్టేలు కబుర్లే చెబుతోంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు నిండి ఉన్నాయి. నేను చూశానని తెలిసి, రెండో చేత్తో కొంగు లాగి రక్తం కప్పేసింది.

"నొప్పయితే చెప్పవేందత్తా?" అన్నాను మెల్లగా.

"చెబితే ఆపేస్తావు గదే," అంది.

ఆపేశాను. ముక్క తీసి, గాయం తుడిచి, గుడ్డ కట్టాను. పిన్ని చెయ్యి నా ముందు ఇంకా చాపే ఉంది. నేను మూడేళ్ళుగా ఎదురుచూసిన చెయ్యి. దాని వంక కాసేపు చూసి, గాజులు తీసి అందులో పెట్టాను.

"నువ్వే ఏసుకో పిన్నీ," అన్నాను.